పంపు కొట్టిందెవరు?

వాదించుకునే ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు. పెదనాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యారు. ఉద్యోగం డీజిల్ బస్సుల కింద గడిచినా మనసు మాత్రం పాత పెట్రోలు కార్ల మీదే. అమ్మాయిది ఇంజన్లలోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ విభాగంలో ఇంజనీరు ఉద్యోగం. తగువు తెచ్చింది పెదనాన్న స్నేహితుడి బండి, 1920ల నాటి రోల్స్‌రాయిస్ ట్వంటీ. దాని ఆటోవ్యాక్ (పెట్రోలుని ట్యాంకు నుంచి పైకి లాగే పాత డబ్బా) పీకేసి ఎలక్ట్రిక్ పంపు పెట్టాలా, వద్దా అన్నది పేచీ. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టుని చూసి బయటికొచ్చాక, చెట్టు నీడన మొదలైంది.

అమ్మాయి: బండి అందంగా ఉంది పెదనాన్నా, కాదనను. కానీ వెనక సింహాసనంలా ఎత్తుగా కట్టిన ఆ సీటు చూశారుగా. అందులో కూర్చునే ఆయనకి పెట్రోలు ఇంజన్ దాకా ఎలా పోతోందో తెలియాల్సిన అవసరమే లేదు. ముందు కూర్చున్నవాడికి తెలియకపోతే మాత్రం బండి కదలదు. ఆ కాలపు ఖరీదైన కార్ల గురించి నా ఫిర్యాదు ఇదొక్కటే. వాటిలో పెట్రోలు పంపు అంటే షోఫరు, అంటే జీతానికి నడిపేవాడి, చెయ్యి.

పెదనాన్న: మొదలే తప్పు పట్టుకుని వచ్చావు. నీ కంప్యూటర్ ఇంజన్లు పుట్టకముందు మనుషులకి బుద్ధి లేదనుకుంటున్నావా? అసలు చిక్కేంటో ముందు చెప్పు. పెట్రోలు దానంతటదే కిందికి పారుతుంది కదా, పంపెందుకు?

అమ్మాయి: ట్యాంకు కార్బరేటర్ కన్నా పైనుంటే అక్కర్లేదు. ఫోర్డ్ మోడల్ టీలో అంతే. ముందు సీటు కింద ట్యాంకు, అక్కణ్ణుంచి ఒక గొట్టం, పెట్రోలు దాని బరువుకి అదే దిగుతుంది. కాకపోతే ట్యాంకులో కొంచెమే ఉండి, ఎదురుగా నిటారుగా గుట్ట ఉంటే ఇంజన్ పైకి లేస్తుంది, ట్యాంకు కిందవుతుంది, పెట్రోలు అందదు. అప్పుడు బండి తిప్పి రివర్సులో గుట్ట ఎక్కేవాళ్ళు.

పెదనాన్న: ఊహించు. వెనక మహారాజు, పక్కన మహారాణి, బండి వెనక్కి నడుస్తూ కొండెక్కుతోంది!

అమ్మాయి: అందుకే మీ పెద్ద కార్లవాళ్ళు ట్యాంకుని వెనక్కి తీసుకెళ్ళారు, ఒప్పుకుంటాను. పెద్ద ఇంజన్ కాబట్టి పెద్ద ట్యాంకు కావాలి. దాన్ని సీటు కింద పెడితే సీటు ఎత్తవుతుంది, డ్యాష్‌బోర్డు వెనక పెడితే ఇంజన్ వేడి తగులుతుంది. ప్రయాణికుల ఒళ్ళో అంత పెట్రోలు పెట్టుకోవడం ప్రమాదం కూడా. కాబట్టి చాసిస్ చివర, కిందికి వేలాడదీశారు. దాంతో కార్బరేటర్ పైనా, పెట్రోలు కిందా అయిపోయాయి.

పెదనాన్న: అప్పుడేం చేశారో చెప్పు, అక్కడే ఉంది తెలివి. పెట్రోలుని లాగే పంపు చెయ్యలేదు. గాలిని తోసే పంపు చేశారు. మీ నానమ్మ వంటింట్లో పంపు స్టవ్వు ఉండేది, గుర్తుందా? కిరసనాయిలు ట్యాంకులోకి గాలి కొడితే నూనె బర్నరు దాకా ఎగదన్నేది. ఇదీ అంతే. ట్యాంకు మూత గాలి పోకుండా బిగించి, లోపలికి కాస్త గాలి కొడితే పెట్రోలు గొట్టంలోంచి ముందుకొస్తుంది. ఎంత ఒత్తిడి కావాలో లెక్క వెయ్యి, ఇంజనీరువి కదా.

అమ్మాయి: చదరపు అంగుళానికి ఒక పౌను ఒత్తిడి చాలు. పెట్రోలు నీళ్ళకన్నా తేలిక కాబట్టి ఆ ఒక్క పౌనుకే మూడడుగుల ఎత్తు లేస్తుంది. అంతకన్నా పెద్దగా పెంచకూడదు కూడా. పెంచితే కార్బరేటర్ గిన్నెలో ఫ్లోటు మీది నీడిల్ ఆగలేక పెట్రోలు పొర్లిపోతుంది.

పెదనాన్న: చూశావా! మామూలు గాలి ఒత్తిడిలో పదిహేనో వంతు. అంత తక్కువతో పని జరుగుతోంది. ఇంజన్ తిరగడం మొదలయ్యాక చిన్న ఎయిర్ పంపు ఆ ఒత్తిడిని నిలబెడుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఒక గేజి. అది చూసుకుంటూ నడపడమే.

అమ్మాయి: ఇంజన్ తిరగడం మొదలయ్యాక కదా, పెదనాన్నా. అంతకు ముందో? రాత్రంతా షెడ్లో ఉన్న ట్యాంకులో ఒత్తిడి ఉండదు. పొద్దున్నే షోఫరొచ్చి, డ్యాష్‌బోర్డులో ఉన్న చేతి పంపు పట్టుకుని కొట్టాలి. పెట్రోలు పోయించడానికి దారిలో మూత తీస్తే ఒత్తిడంతా ఉఫ్! మళ్ళీ కొట్టాలి. మూత కింద వాషరు ఎండిపోతే గాలి కారుతుంది, దారి పొడుగునా గేజి చూస్తూ కొట్టాలి. బుగాట్టి టైప్ 35 లాంటి రేసు కార్లలో అయితే కొన్ని రేసుల్లో ఈ చాకిరీకి పక్క సీట్లో మెకానిక్కే ఉండేవాడు. ఒక చేత్తో కారు పట్టుకుని, ఇంకో చేత్తో పంపు కొట్టడం అతని పనుల్లో ఒకటి.

పెదనాన్న: చేతి పంపు ఇష్టం లేక ఇంజన్ పొగతో ఒత్తిడి పెట్టినవాళ్ళూ ఉన్నారు. తొలినాటి కొన్ని మెర్సిడెస్ బళ్ళలో సైలెన్సరుకు పోయే పొగలో కొంత మళ్ళించి ట్యాంకులోకి పంపేవాళ్ళు.

అమ్మాయి: పెట్రోలు ట్యాంకులోకి ఇంజన్ పొగ! నిప్పు రవ్వలు పోకుండా మధ్యలో జాలీ. మసి, తడి మాత్రం పోకుండా ఉండవు. ఇవాళ నేనలాంటి డిజైను తీసుకెళ్తే మేనేజరు నన్ను సెలవు మీద పంపిస్తాడు.

(ఇక్కడ పెదనాన్న నవ్వారు. కానీ వెంటనే తన పెద్ద తురుపుముక్క తీశారు.)

పెదనాన్న: సరే, 1907 సంగతి చెప్తా విను. సిల్వర్ ఘోస్ట్ అన్న పేరు అసలు ఏ బండిదో, ఆ వెండి రంగు బండినే లండన్‌కీ గ్లాస్గోకీ మధ్య మళ్ళీ మళ్ళీ తిప్పారు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకులు లోపలే కూర్చున్నారు. మొత్తం పదిహేను వేల మైళ్ళ పరీక్ష. 14,371 మైళ్ళు బండి తనంతట తాను ఆగకుండా నడిచింది. అప్పటి రోడ్లు, అప్పటి టైర్లు. నీ చేతి పంపు కథలన్నీ దీని ముందు నిలబడతాయా?

అమ్మాయి: ఆ లెక్క మొదలయ్యే ముందు బండి ఒకసారి ఆగింది. 629 మైళ్ళ దగ్గర. ఎందుకాగిందో చెప్పండి.

పెదనాన్న: …కుదుపులకి పెట్రోలు కుళాయి దానంతటదే మూసుకుపోయింది.

అమ్మాయి: అదీ! గేర్లు కాదు, బేరింగులు కాదు, ఇగ్నిషన్ కాదు. ప్రపంచంలోకెల్లా మంచి కారు అని పేరు తెచ్చుకున్న బండికి, టైర్ల సంగతి పక్కన పెడితే, ఆ పరీక్షంతటిలో అనుకోకుండా పడ్డ ఒక్క బ్రేకూ పెట్రోలు దారిలోనే పడింది.

పెదనాన్న: కుళాయి అంటే కుళాయే. పంపు కాదు. కుళాయి తిరిగితే పంపుని ఉరితీస్తావా?

(ఈ ముక్కలో పెదనాన్న చెప్పిందే న్యాయం. అయినా అమ్మాయి తగ్గలేదు.)

పెదనాన్న: ఒత్తిడి పద్ధతిలో లోపాలున్నాయి, ఒప్పుకున్నాను. గొట్టం పగిలితే పెట్రోలు ఒత్తిడితో బయటికి చిమ్ముతుంది, అదింకా ప్రమాదం. అందుకే దాన్ని వదిలేసి ఆటోవ్యాక్‌కి వచ్చారు. అమెరికాలో స్టువర్ట్-వార్నర్ వాళ్ళు 1910ల మధ్యలో వ్యాక్యూమ్ ట్యాంకు అని అమ్మింది అదే. ఇంగ్లండులో ఆటోవ్యాక్. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. బానెట్ కింద, డ్యాష్‌బోర్డు గోడకి బిగించిన ఒక డబ్బా. డబ్బాలో రెండు గదులు, ఒకదాని కింద ఒకటి. పై గదిలో ఒక ఫ్లోటు. ఇంజన్ గాలి పీల్చుకునే మానిఫోల్డు నుంచి ఒక సన్నటి గొట్టం పై గదికి వస్తుంది. ఇంజన్ పీలుస్తుంటే పై గదిలో గాలి పలచబడి, వెనక ట్యాంకులోని పెట్రోలు తనే పైకెక్కి వస్తుంది. గది నిండుతుంటే ఫ్లోటు లేస్తుంది. ఒక ఎత్తుకి చేరగానే స్ప్రింగు టక్కున తిరగబడుతుంది. పీల్చే రంధ్రం మూసుకుంటుంది, బయటి గాలి రంధ్రం తెరుచుకుంటుంది. అప్పుడు పై గదిలోని పెట్రోలు తలుపులాంటి చిన్న వాల్వు తోసుకుని కింది గదిలోకి జారుతుంది. కింది గది నుంచి కార్బరేటర్‌కి మామూలు పారుడే. ఫ్లోటు దిగగానే మళ్ళీ మొదలు. కరెంటు లేదు, డయాఫ్రం లేదు, క్యాం షాఫ్టుతో సంబంధం లేదు, చప్పుడు లేదు. ఇంజన్ ఎలాగూ పీలుస్తోంది, ఆ పీల్పుని పనిలో పెట్టారు. గొట్టానికి చిల్లి పడితే గాలి లోపలికి పోతుంది తప్ప పెట్రోలు బయటికి రాదు. రాత్రంతా ఆపినా కింది గదిలో పెట్రోలు మిగిలే ఉంటుంది, పొద్దున్నే ఎవడూ పంపు కొట్టక్కర్లేదు. ఇంకేం కావాలి నీకు?

అమ్మాయి: కొండ ఎక్కాలి.

పెదనాన్న: మళ్ళీ కొండేనా!

అమ్మాయి: లెక్క అడిగారుగా, ఇదిగో లెక్క. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు మానిఫోల్డులో వ్యాక్యూమ్ పాదరసం కొలతలో పద్దెనిమిది, ఇరవై అంగుళాల దాకా ఉంటుంది. పెట్రోలుని మూడడుగులు ఎత్తడానికి రెండంగుళాలు చాలు. బోలెడంత మిగులు. కానీ పొడుగాటి ఎక్కుడులో యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కారనుకోండి. థ్రాటిల్ బారుగా తెరుచుకుంటుంది, వ్యాక్యూమ్ దాదాపు సున్నా. ఇంజన్ పెట్రోలు ఎక్కువగా తాగే సమయం అదే, ఆటోవ్యాక్ చేతులెత్తేసే సమయమూ అదే. కింది గదిలో ఉన్నది తాగడం అయిపోగానే బండి ముక్కుతుంది.

పెదనాన్న: కాలు ఒక్క క్షణం తీస్తే చాలు, వ్యాక్యూమ్ వస్తుంది, డబ్బా గటగటా నింపుకుంటుంది. నడిపేవాడికి ఆ మాత్రం తెలియాలి. పైగా ట్వంటీనో, రోల్స్‌రాయిస్ వాళ్ళ పెద్ద బండి ఫాంటమ్‌నో రేసు కారులా తొక్కేవాడెవడు? అవి పల్లకీ నడక నడవాల్సిన బళ్ళు.

అమ్మాయి: “నడిపేవాడికి తెలియాలి.” చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చారు. బండిలో లోపాన్ని నడిపేవాడి నైపుణ్యంతో పూడ్చడమే మీ దృష్టిలో సొగసు. ఇంకో సంగతి చూడండి. చేతి పంపు రోల్స్‌రాయిస్‌లో ఎప్పుడు పోయింది? 1922లో వాళ్ళు ట్వంటీ తెచ్చారు. యజమాని తనే నడుపుకోడానికి పనికొచ్చే చిన్న బండి అని. దాంట్లో ఆటోవ్యాక్ పెట్టారు. యజమాని చేతికి స్టీరింగ్ రాగానే పంపు కొట్టడం చాకిరీ అని అర్థమైంది! అప్పటిదాకా అది షోఫరు బాధ్యత.

పెదనాన్న: తమాషాగా ఉంది గానీ తర్కం కుదరదు. ఆటోవ్యాక్ లాంటిది పుట్టిందే 1910ల మధ్యలో. అప్పుడు యుద్ధం. యుద్ధం అయ్యాక వచ్చిన తొలి కొత్త డిజైను ట్వంటీ, అందులో పెట్టారు. ఆ తర్వాత 1925లో వచ్చిన ఫాంటమ్‌లోనూ ఆటోవ్యాకే. ఫాంటమ్ అంటే షోఫర్ నడిపే బండే కదా. మరి షోఫర్ మీద జాలిపడి పెట్టారా? సులువులు కనిపెట్టింది చవక కార్లవాళ్ళేనంటావేమో, మరి 1912లోనే ఎలక్ట్రిక్ స్టార్టరు పెట్టిన క్యాడిలాక్ చవక బండా?

అమ్మాయి: చవకది కాదు. కానీ కొన్నవాళ్ళు సొంతంగా నడుపుకునే బండి. తేడా ధరలో లేదు పెదనాన్నా, సీటులో ఉంది. బాధపడేవాడే కొనేవాడైతే డిజైను తొందరగా మారుతుంది.

(నా మొగ్గు ఇక్కడ అమ్మాయి వైపే. ఫాంటమ్ గురించి పెదనాన్న వేసిన ప్రశ్నకి ఆమె సూటిగా జవాబివ్వలేదన్నది కూడా నిజమే.)

అమ్మాయి: ఇక 1929 చూడండి. ఆ ఏడు షెవ్రొలే కొత్త సిక్స్ సిలిండర్ బండి తెచ్చింది, మధ్యతరగతి బండి. దాంట్లో ఏసీ కంపెనీ మెకానికల్ పంపు, ఇంజనే నడిపేది, ఉంది. అదే ఏడు రోల్స్‌రాయిస్ ఫాంటమ్ టూ తెచ్చింది, 7.7 లీటర్ల ఇంజన్‌తో. అంత పెద్ద ఇంజన్‌కి పెట్రోలు తెచ్చేది ఇంకా ఆటోవ్యాకే. ఇప్పుడేమంటారు?

పెదనాన్న: ఏసీ పంపు సంగతి నాకు చెప్తున్నావా? మన వీధిలో ఉన్న అంబాసిడర్లన్నిటికీ డయాఫ్రాలు మార్చింది నేనే. ఏప్రిల్ ఎండలో బండి ఆగిపోతే బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ చుట్టి కూర్చునేవాళ్ళం. ఎందుకు? ఇంజన్‌కి బిగించిన పంపు ఇంజన్‌తోపాటే కాలుతుంది. అది లాగే గొట్టంలో ఒత్తిడి తక్కువ, ఒత్తిడి తగ్గితే పెట్రోలు తొందరగా మరుగుతుంది. ఆవిరి బుడగలొస్తాయి. పంపు బుడగల్ని కొడుతుంది గానీ పెట్రోలుని కొట్టదు. పైగా ఆ రోజుల్లో డయాఫ్రం అంటే మందు పట్టించిన గుడ్డ పొరలు. ఎప్పుడు చినుగుతుందో తెలియని గుడ్డ మీద రోల్స్‌రాయిస్ పేరు పెట్టమంటావా? తెలిసిన సరుకుని వాడారు, తెలియనిదాన్ని ఇతరుల బళ్ళలో పరీక్ష కానిచ్చారు. దాన్ని వెనకబాటంటావు, నేను నిదానమంటాను.

అమ్మాయి: తడిగుడ్డ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ పంపు లోపలి ఆలోచన మీరు మెచ్చుకోకుండా వదిలేస్తే నేనూరుకోను. క్యాం షాఫ్టు మీద ఉబ్బు లీవరుని కదిపినప్పుడు డయాఫ్రం కిందికి దిగుతుంది, పెట్రోలు లోపలికొస్తుంది. అంతవరకే క్యాం పని. బయటికి తోసేది క్యాం కాదు, కింద ఉన్న స్ప్రింగు. కార్బరేటర్ గిన్నె నిండి నీడిల్ మూసుకుంటే స్ప్రింగు తోయలేక ఆగిపోతుంది. డయాఫ్రం కిందే ఉండిపోతుంది, లీవరు ఊరికే ఆడుతుంది. ఇంజన్ ఎంత జోరుగా తిరిగినా కార్బరేటర్ దగ్గర ఒత్తిడి స్ప్రింగు అనుమతించినంతే. ఇంజన్‌కి కావలసినంతే పోతుంది. కొలిచేవాడు లేడు, గేజి లేదు, షోఫరు లేడు.

పెదనాన్న: అది బాగుంది. నిజంగా బాగుంది. కానీ ఆ స్ప్రింగు ఆలోచనని మావాళ్ళూ తీసుకున్నారు కదా, ఇంకా మెరుగ్గా. ఎస్.యు. పంపు.

అమ్మాయి: ఆ కంపెనీ పెట్టిన స్కిన్నర్ల పంపు. చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం.

పెదనాన్న: చెప్పుల కుటుంబం కాబట్టే వాళ్ళ తొలి కార్బరేటర్లలో తోలు తిత్తి ఉండేది. సరే, ఆ కథ వద్దు. 1930లలో వచ్చిన ఎస్.యు. ఎలక్ట్రిక్ పంపులో క్యాం బదులు తీగ చుట్ట. కరెంటు పారగానే అది ఇనప ముక్కని లాగుతుంది, దాంతో డయాఫ్రం వస్తుంది, పెట్రోలు లోపలికొస్తుంది. చివరిదాకా రాగానే లోపలి మీట తిరగబడి పాయింట్లు విడిపోతాయి, కరెంటు ఆగుతుంది. ఇక స్ప్రింగు నెమ్మదిగా తోస్తుంది. తోసిన చివర మళ్ళీ పాయింట్లు కలుస్తాయి. నువ్వన్నట్టే, గిన్నె నిండితే స్ప్రింగు ఆగిపోతుంది, పాయింట్లు కలవవు, పంపు నిద్రపోతుంది. తాళం తిప్పగానే టకటకా కొట్టుకుని, గిన్నె నిండాక ఆగుతుంది. ఇంజన్ తిరగకముందే పెట్రోలు సిద్ధం! వేడి తగలని చోట ఎక్కడైనా బిగించుకోవచ్చు. 1936లో ఫాంటమ్ త్రీ, పన్నెండు సిలిండర్ల బండి, జంట ఎస్.యు. పంపులతో వచ్చింది. ఒకటి ఆగితే రెండోది లాక్కొస్తుంది. చూశావా, చివరికి ఎవరు గెలిచారో?

అమ్మాయి: జంట ఎందుకు పెట్టారు? పాయింట్లు కాలిపోతాయి కాబట్టి. ఎస్.యు. పంపున్న బండివాళ్ళందరికీ తెలిసిన వైద్యం ఒకటే, సుత్తి పిడితో ఒక్కటి తగిలించడం. అతుక్కుపోయిన పాయింట్లు కదులుతాయి, బండి కదులుతుంది. ఫాంటమ్ త్రీ షోఫరు దిగి పంపుని సుత్తితో కొట్టకూడదు కాబట్టి రెండు పెట్టారు.

పెదనాన్న: అంటే షోఫరుకి పని తగ్గించారన్నమాట! నీ వాదన నువ్వే పడగొట్టుకున్నావు.

అమ్మాయి: అతని పని తగ్గించడానికి కాదు, అతను దిగి కొడుతుంటే వెనకాయన ముందు పరువు పోతుందని.

(ఇద్దరూ కాసేపు ఊరుకున్నారు. ఆ తర్వాత అసలు విషయానికొచ్చారు, స్నేహితుడి ట్వంటీకి.)

అమ్మాయి: మన ముందున్న బండి మాట చెప్పండి. ఆటోవ్యాక్ 1920ల పెట్రోలుకి తయారైంది. ఇవాళ్టి పెట్రోలు అంతకన్నా తొందరగా ఆవిరవుతుంది. దాన్ని వేడి బానెట్ కింద వ్యాక్యూమ్‌లో పెట్టడమంటే మరగమని బతిమాలడమే. ఆపైన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. పాత గుడ్డ డయాఫ్రాలకీ, రబ్బరు ముక్కలకీ అది పడదు. కార్బరేటర్లో బెండు ఫ్లోటుంటే దాని మీది లక్క పూత కరిగిపోతుంది, బెండు పెట్రోలు తాగి మునుగుతుంది. వెనక ట్యాంకు పక్కన ఎలక్ట్రిక్ పంపు పెడదాం. లాగడం కాదు, వెనకనుంచి తోస్తుంది, గొట్టంలో ఆవిరి పుట్టదు. ఆటోవ్యాక్ డబ్బాని అక్కడే ఉంచుదాం, పాలిష్ చేసి. చూసేవాళ్ళకి తేడా తెలియదు. చాలామంది అదే చేస్తున్నారు.

పెదనాన్న: అంటే ఖాళీ డబ్బా. బొమ్మ.

అమ్మాయి: నడిచే బండికి బొమ్మ డబ్బా మేలా, ఆగిపోయే బండికి అసలు డబ్బా మేలా?

పెదనాన్న: మా వాడు దాన్ని బంజారాహిల్స్ ఎక్కించడు. ఏడాదికి రెండుసార్లు, పొద్దున్నే, చల్లటి వేళ, నెక్లెస్ రోడ్డు మీద ఒక చుట్టు. ఆ మాత్రానికి ఆటోవ్యాక్ చాలు. ఫ్లోటు స్ప్రింగులు మార్చు, వాల్వులు సరిగ్గా కూర్చోబెట్టు, గొట్టం కీళ్ళలో గాలి చొరబడకుండా బిగించు. లక్క పూతకి బదులు ఇథనాల్‌కి తట్టుకునే పూత వెయ్యి. అదంతా చెయ్యి, నేను కాదనను.

అమ్మాయి: పోనీ రెండూ ఉంచుదాం. ఎలక్ట్రిక్ పంపు వెనక, స్విచ్చి సీటు కింద. ఆటోవ్యాక్ మామూలుగా పనిచేస్తుంటే స్విచ్చి ముట్టుకోరు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని వేడెక్కితే నొక్కుతారు.

పెదనాన్న: స్విచ్చి ఎవరు నొక్కుతారు?

అమ్మాయి: నడిపేవాళ్ళు.

పెదనాన్న: అంటే ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు నొక్కాలో నడిపేవాడికి తెలియాలన్నమాట.

అమ్మాయి: …ఆటోమేటిక్ రిలే పెడతాను.

పెదనాన్న: చప్పుడొస్తుందా?

అమ్మాయి: రబ్బరు మీద బిగిస్తాను. కొంచెం, టిక్ టిక్ అని.

పెదనాన్న: అయితే వద్దు.